ఏడో నెల పాపకు ఇంటి సామాన్లతో ఆటలు

ప్రశ్న: మా పాపకు ఏడో నెల నడుస్తోంది. ఆటవస్తువులన్నీ ముందు పోస్తే రెండు నిమిషాల్లో విసిరేసి ఏడుస్తోంది. పళ్లెంలో కందిపప్పు పోసి పిల్లల చేత కెలికించే వీడియోలు చూశాను. అలా ఆడించవచ్చా? మువ్వల పట్టీలు పెడితే ఆ చప్పుడుకు ఆడుకుంటుందని మా అత్తయ్య అంటున్నారు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పప్పు పళ్లెం ఇప్పుడే వద్దు. ఈ వయసులో ఏది దొరికినా నోట్లోకే పోతుంది. గరుకూ నునుపూ నాలుకతోనే తెలుసుకుంటారు మరి. పప్పుబద్ద గొంతుకు అడ్డం పడవచ్చు, ముక్కులో దూరవచ్చు. మూడేళ్లు నిండాక చూద్దాం.

అదే పప్పును సీసాలో పోసి ఇవ్వండి. 200 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాను కడిగి, చెమ్మ లేకుండా ఒక రోజు బోర్లించండి. పప్పును మూకుట్లో వేయించి, పూర్తిగా చల్లారాక మూడు చెంచాలు పోయండి. వేయించకపోతే పురుగు పడుతుంది. సగానికి మించి నింపితే గింజలు అంతగా కదలవు, చప్పుడు తగ్గుతుంది. పైగా వెల్లకిలా పడుకుని ఊపేటప్పుడు ఆ బరువు ముఖం మీద పడుతుంది. మూత మరల్లో గమ్ రాసి బిగించి, బయటికి వచ్చింది తుడిచేసి, మర్నాటిదాకా ఆరనివ్వండి. ఉత్త టేపు పనికిరాదు, చప్పరించి ఊడదీస్తారు. ఇచ్చే ప్రతిసారీ మూత గట్టిగా తిప్పి చూడండి. సీసా చిట్లితే పారేయండి.

ఇక విసరడం. కింద పడి ‘ఠంగు’మనడం పాపకు ఆటే. ఏడుపు మాత్రం ఒకేసారి అన్నీ ముందు పోయడం వల్ల కావచ్చు. ఒక స్టీలు గిన్నె, లేదా అంచులు మడిచి కుట్టిన తువ్వాలు ముక్క, ఏదో ఒక్కటే ఇవ్వండి. దారాలు వేలాడే గుడ్డ వద్దు, వేలికి చుట్టుకుంటాయి. పాప ముఖం తిప్పుకున్నా, వీపు విల్లులా వంచినా ఆపేయండి. ఐదు నిమిషాలైనా చాలు.

తడి ఆటకు, పాపకు ఇప్పటికే అలవాటైన రాగిజావను చిక్కగా కాచి, చల్లార్చి, రెండు గరిటెలు పళ్లెంలో వేయండి. వేలు పెట్టనంటే చెయ్యి పట్టి ముంచకండి, చెంచా ఇవ్వండి. నీళ్లాటైతే వెడల్పు పళ్లెంలో అరంగుళం నీళ్లు చాలు. ఫోను మోగినా పాపను ఎత్తుకునే లేవండి. ఆట అవగానే నీళ్లు పారబోయండి.

మువ్వల సంగతి: ఈ నెలల్లో పాదం నోటిదాకా వస్తుంది. ఊడిన మువ్వ సరాసరి గొంతులోకే పోతుంది. అత్తయ్యగారి ముచ్చట కాదనక్కర్లేదు, ఒక్కో మువ్వనూ గుంజి చూసి, మీరు ఎదురుగా ఉన్నంతసేపే పెట్టండి. నిద్రపుచ్చే ముందు తీసేయండి.