దావావోలో శని, ఆదివారాలు: ముందు ఈత, తర్వాతే దీవులు

ఫిలిప్పీన్స్‌లోని దావావోలో వైద్య విద్యకు వెళుతున్నాను, వారాంతాల్లో చూడదగ్గ చోట్లు ఏమిటి, తిరుగుళ్ల వల్ల చదువు దెబ్బతినదా అని అడిగారు. నేను ఆ ఊళ్లో దాదాపు ఆరేళ్లు ఉన్నాను. చదువు దెబ్బతిన్న కథతోనే మొదలుపెడతాను.

మొదటి ఏడాది జనవరిలో నలుగురం కలిసి కామిగిన్ దీవికి బయలుదేరాం. శుక్రవారం రాత్రి బస్సెక్కితే కొండల మీదుగా కాగయాన్ దె ఓరో నగరం చేరేసరికి తెల్లవారింది. అక్కడి నుంచి మరో బస్సులో బాలింగోవాన్ రేవు, ఆపైన గంటకు పైగా పడవ. దీవిలో కాలు పెట్టేటప్పటికి శనివారం మధ్యాహ్నం. 1871లో మొదలైన అగ్నిపర్వత విస్ఫోటనాలకు సముద్రంలో కుంగిపోయిన శ్మశానాన్ని, దానికి గుర్తుగా నీళ్లలో నిలబెట్టిన పెద్ద సిలువను చూశాం. అంతవరకు బాగానే ఉంది. ఆదివారం ఉదయం గాలి ముదిరింది, పడవలు ఆపేశారు. చలికాలంలో ఈశాన్యం నుంచి వీచే ఆ గాలిని అక్కడ అమిహాన్ అంటారని రేవులో చాప మీద కూర్చున్న ఒక పెద్దాయన చెప్పాడు. సోమవారం మధ్యాహ్నానికి గాని పడవ కదలలేదు. మాకు సోమవారం ఉదయం జీవరసాయన శాస్త్రం పరీక్ష! తర్వాత మళ్లీ రాయనిచ్చారు గాని, ఆ వారమంతా తరగతిలో తలెత్తలేకపోయాను.

అప్పటి నుంచి ఒక లెక్క పెట్టుకున్నాను. వెళ్లిన చోటి నుంచి ఆదివారం మధ్యాహ్న భోజనం వేళకు గదికి చేరగలిగితేనే అది వారాంతపు ప్రయాణం. లేదంటే సెలవుల దాకా ఆగాల్సిందే. పలావన్, బోరకాయ్, సియార్‌గావ్ లాంటి దూరపు దీవులు, ఫోటోలు చూసి మీరు ఇప్పటికే రాసిపెట్టుకున్నవన్నీ సెలవుల పద్దులోకి మార్చండి. నా లెక్క మరీ పిరికిదని నా స్నేహితులు ఎగతాళి చేసేవారు. చేయనివ్వండి.

ఈ లెక్కకు అచ్చంగా సరిపోయేది సమల్ దీవి. దావావోలోని సాసా రేవు నుంచి పంటు మీద పావుగంట ప్రయాణం. హాగిమిత్ జలపాతం దగ్గర మెట్లు మెట్లుగా పారే చల్లని నీళ్లలో ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. నేను మూడుసార్లు వెళ్లింది మాత్రం మోన్‌ఫోర్ట్ గబ్బిలాల గుహకు. సుమారు ఇరవై లక్షల ఫల గబ్బిలాలు ఒకే గుహలో ఉంటాయి. ఆ జాతిలో ప్రపంచంలోనే పెద్ద గుంపుగా 2010లో గిన్నిస్ రికార్డులకెక్కింది. గుహ నోళ్ల చుట్టూ కంచె ఉంటుంది, పైనుంచి తొంగిచూడటమే. గోడలకు నల్లటి తారు పూసినట్టుంటుంది, కాసేపు చూస్తే ఆ తారు కదులుతుంది. కంపు భరించడం కష్టం, ముక్కుకు గుడ్డ తీసుకెళ్లండి. దురియన్ అనే ఘాటు వాసన పండు ఉంది, ఆ చెట్టు పూలు రాత్రిపూట విచ్చుకుంటాయని, వాటిలో పుప్పొడిని చేరవేసేవి ముఖ్యంగా గబ్బిలాలేనని అక్కడే తెలుసుకున్నాను. గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టమనే మా అమ్మమ్మకు ఈ సంగతి ఫోనులో చెబితే, "అయితే ఆ పండ్లు తినకు" అంది.

ఇంతకీ మీకు ఈత వచ్చా? మనలో చాలామంది చెరువును గట్టు మీద నుంచి చూస్తూ పెరిగినవాళ్లమే. అక్కడికి వెళ్లాక నీళ్లు పచ్చగా, అద్దంలా కనిపిస్తాయి, మోకాళ్ల లోతే కదా అని దిగుతాం. రెండు అడుగులు వేస్తే నేల ఉండదు. కామిగిన్ దెబ్బ తర్వాత నేను ఎనిమిది శనివారాలు ఎక్కడికీ వెళ్లకుండా కొలనులో ఈత నేర్చుకున్నాను. ఆరేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో అంత అక్కరకొచ్చినది మరొకటి లేదు. నీటి ప్రవాహం మిమ్మల్ని సముద్రం లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ ప్రవాహం నుంచి పక్కకు తప్పుకోవాలి. ఈత వచ్చినా పడవలో లైఫ్ జాకెట్ విప్పవద్దు.

ఈత వచ్చాకే మాతి అనే ఊరి వైపు వెళ్లండి. బస్సులో నాలుగు గంటల దారి. అక్కడి దాహికాన్ తీరం పసిఫిక్ వైపు తెరుచుకుని ఉంటుంది, సమల్ నీళ్లలా నెమ్మదిగా ఉండదు. నీటి అంచున చెక్క పలకల మీద జారే స్థానిక పిల్లలను చూస్తూ కూర్చోవడమే నాకు అక్కడ ఎక్కువ ఇష్టం. శనివారం తెల్లవారుజామున బయలుదేరి, రాత్రి అక్కడే ఉండి, ఆదివారం మొదటి బస్సులో వెనక్కి రావాలి.

నీళ్లంటే భయమైతే మలగోస్‌లోని ఫిలిప్పీన్ డేగల కేంద్రం ఉంది. కాలినాన్ దాకా ఒక బండి, అక్కడి నుంచి మరొకటి. దావావోలో మలగోస్ ఉన్న ప్రాంతాన్ని బాగియో జిల్లా అంటారు. దూరాన లూజోన్ దీవిలో ఉన్న బాగియో నగరం వేరు, వెతికేటప్పుడు పొరపడకండి. మనుషులు పెంచే చోట పొదిగించిన మొదటి ఫిలిప్పీన్ డేగ పాగ్-ఆసా. 1992లో గుడ్డులోంచి బయటకు వచ్చింది, ఆ పేరుకు ఆశ అని అర్థం. అది 2021 జనవరిలో చనిపోయింది. ఈ డేగ సాధారణంగా రెండేళ్లకు ఒకే ఒక గుడ్డు పెడుతుంది. మీటరు ఎత్తున నిలబడి, నీలిబూడిద కళ్లతో తిన్నగా మన కళ్లలోకి చూస్తుంది. ముందు చూపు తిప్పుకొన్నది నేనే.

అపో పర్వతం, 2,954 మీటర్లు, దేశంలోకెల్లా ఎత్తైనది. అనుమతి, దారి చూపే మనిషి, ఒంట్లో బలం మూడూ కావాలి, పైగా ఒక్క వారాంతం సరిపోదు.

దావావో భూమధ్యరేఖకు ఏడు డిగ్రీల దూరంలోనే ఉంది. ఏడాది పొడవునా ఐదున్నర ప్రాంతంలో తెల్లవారుతుంది, ఆరుకల్లా చీకటి పడుతుంది. విడిగా వానాకాలం అంటూ లేదు, ఏ నెలలోనైనా సాయంత్రం కుండపోత కురవొచ్చు. అందుకే చూడాల్సినవి పొద్దున్నే చూసేయాలి. మన ఎండలు చూసినవాణ్ణి నాకేమిటి అనుకుని మబ్బు పట్టిన రోజున సముద్రంలో బోర్లా తేలుతూ మూడు గంటలు చేపలు చూశాను. వీపు వారం రోజులు పొరలు పొరలుగా ఊడింది. పొడవు చేతుల ఈత చొక్కా వేసుకోండి.

బయటి ఊళ్ల నుంచి తిరిగి వచ్చేటప్పుడు నగరం అంచున సైనికులు బస్సు ఆపి అందరినీ దించి తనిఖీ చేస్తారు. కంగారు పడనక్కరలేదు, విదేశీయులకు ఇచ్చే ఏసీఆర్ ఐ-కార్డు, పాస్‌పోర్టు నకలు దగ్గర ఉంటే చాలు. భద్రత దృష్ట్యా, దావావో ఉన్న మిండనావ్ దీవిలో పశ్చిమ భాగం, సులు దీవుల వైపు మాత్రం ఎవరు పిలిచినా వెళ్లవద్దు. ఊళ్లో తిరిగే షేర్ బండి జీప్నీలో వెయ్యి పెసోల నోటు తీస్తే డ్రైవర్ మొహం మాడుతుంది, ఇరవైలు, యాభైలు ఉంచుకోండి. డబ్బు చేతులు మారుతూ ముందుకు వెళుతుంది, ఇదిగో ఛార్జీ అనడానికి "బయాద్" అని చెబితే చాలు. దిగాలంటే "లుగార్ లంగ్". డ్రైవర్‌ను "కుయా" అనండి, మన అన్నా లాంటిదే.

దారిలో తినడానికి మేము పులిహోర కట్టుకునేవాళ్లం. నిమ్మకాయలకు బదులు అక్కడి కలమాన్సీ కాయలు పిండితే రుచి ఇంకా బాగుంటుంది. ఆగస్టులో దిగితే కడయవాన్ పండుగ, దురియన్ కాలం రెండూ ఉంటాయి. దురియన్ అంగడి దగ్గరే తినేసి చేతులు కడుక్కుని రండి. నేను ఒకటి గదికి తెచ్చినందుకు ఇంటి యజమానురాలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.