అణువుల మేసరా, పరమాణువుల మేసరా?

సందేహం: మా అమ్మాయి ఇక్కడి తెలుగు సంఘంలో మాట్లాడ్డానికి "ముసలి నక్షత్రాల చుట్టూ ఉండే అణువుల నుంచి మేసర్ వస్తుంది" అని రాసుకుంది. మేసర్ అంటే లేజర్ లాంటిదే, వెలుగు బదులు మైక్రోవేవ్. అణుబాంబులో అణువంటే ఆటమే కదా, పరమాణువు అని మార్చు అన్నారు తెలిసినవాళ్ళు. మార్చాలాండీ?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

సమాధానం: వద్దండీ, అమ్మాయి రాసిందే కరెక్టు. మన సైన్సు పుస్తకాల్లో ఆటమ్ పరమాణువు, మాలిక్యూల్ అణువు, స్కూల్లో కన్నడం ఉంటే అందులోనూ ఇదే తేడా కనిపిస్తుంది. పేపర్లలో అణుబాంబు, అణువిద్యుత్తు పాతుకుపోయి ఈ తికమక వచ్చింది, ఇప్పుడు వాటిని మార్చక్కర్లేదు కూడా. కానీ ఈ నక్షత్రాల మేసర్ దగ్గర పరమాణువు అన్నారంటే విషయమే తప్పుతుంది.

సూర్యుడి లాంటి నక్షత్రం వయసు మీద పడేకొద్దీ బాగా ఉబ్బి పైపొరల గ్యాసుని బయటికి తోసేస్తుంది, ఆ గ్యాసు చల్లబడుతుంటే సిలికాన్ మోనాక్సైడ్, నీరు, హైడ్రాక్సిల్ లాంటి అణువులు ఉంటాయి, నక్షత్రం వేడికో ఒకదాన్నొకటి గుద్దుకునో వాటిలో ఎక్కువ భాగం పైస్థాయి శక్తికి చేరితే, అటుగా వెళ్ళే మైక్రోవేవ్ తాకగానే అదే ఫ్రీక్వెన్సీలో శక్తిని వదిలి దాన్ని పెంచుతూ పోతాయి. అదే మేసర్. నీటి మేసర్ 22 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది, సిలికాన్ మోనాక్సైడ్‌వి 43, 86 దగ్గర. ఇవి రెండూ అణువు తిరిగే తీరు మారినప్పుడు వచ్చేవి, ఒంటరి పరమాణువుకి అలాంటి తిరుగుడు లేదు. మీ ఊళ్ళోనే రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 10.4 మీటర్ల డిష్‌తో ఆ 86 గిగాహెర్ట్జ్ మేసర్లని పట్టుకున్నారు, అమ్మాయిని ఆ మాట తప్పకుండా చెప్పమనండి.

ఇంకో సంగతి, అడక్కపోయినా చెప్తున్నా. "నక్షత్రం మేసర్‌ని వదులుతుంది" అని మాత్రం రాయనివ్వొద్దు, అక్కడ కర్త అణువులే. సిలికాన్ మోనాక్సైడ్ మేసర్ నక్షత్రానికి బాగా దగ్గర్లో, నీటిది దానికి అవతల, హైడ్రాక్సిల్‌ది ఇంకా చాలా దూరంలో పుడతాయి. హైడ్రాక్సిల్ 1612 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌లో చాలాసార్లు రెండు శిఖరాలుంటాయి, అంటే సిగ్నల్ రెండుచోట్ల బాగా బలంగా ఉంటుంది, ఒకటి మనవైపు వచ్చే గ్యాసుది, రెండోది అవతలికి పోయేది. నక్షత్రం వెలుగు హెచ్చుతగ్గులైతే ఇవతలి శిఖరం ముందు మారుతుంది, అవతలిది ఆలస్యంగా, ఆ తేడాని బట్టే నక్షత్రం చుట్టూ ఉన్న ఆ గ్యాసు గుల్ల ఎంత వెడల్పో లెక్కేస్తారు. నక్షత్రాన్ని కర్త చేస్తే ఈ ఇవతల అవతల అనే మాటలకే చోటుండదు.

"ముసలి" కూడా అలాగే ఉంచండి, "వృద్ధ నక్షత్రం" అని బరువెక్కించక్కర్లేదు. బహువచనం మేసర్లు.