పడవ ఇంజను శ్రుతి

చిరంజీవికి,

నీ పదకొండు పేజీలూ మీ నాన్న మొన్న సాయంత్రం ప్రింటు తీయించి తెచ్చి ఇచ్చాడు. రాత్రి పడుకునే ముందు ఒకసారి చదివాను. పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని మళ్ళీ చదివాను. ఆరో పేజీకొచ్చేసరికి ఒళ్ళు మండింది. తొమ్మిదో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను, కాఫీ చల్లారిపోయింది. ఆ మంట, ఆ వాక్యం, ఈ రెంటి మూలానే ఈ ఉత్తరం.

ముందు మంట సంగతి. మన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చి, ఇప్పుడు ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్‌లో వాళ్ళ పద్ధతి చదువుతున్న పిల్ల ఒక ఆదివారం పొద్దున్నే 150 నంబరు బస్సెక్కింది. సాంక్ట్ గిల్గెన్‌లో దిగింది. పడవలో వోల్ఫ్‌గాంగ్ సరస్సు దాటింది. బాడ్ ఇషల్‌లో కేకు తింది. రైలెక్కి హాల్‌స్టాట్ చూసి, చీకటి పడ్డాక గది చేరింది. ఇవన్నీ రాశావు. చప్పుడన్నది మాత్రం ఎనిమిది పేజీల దాకా ఎక్కడా లేదు. నీలం 19 చోట్ల ఉంది, లెక్కపెట్టాను. ఇంద్రనీలం, ఆకాశనీలం, నెమలికంఠం, ఇంకేవో. 'మంత్రముగ్ధురాలినయ్యాను' అని నాలుగు సార్లు అన్నావు. సిరిమాను పండక్కి వచ్చే బయస్కోపు పెట్టెకి కన్నానించి, చెవుల్లో దూది పెట్టుకుని చూసినట్టుంది. పైన పేరు తీసేస్తే ఇది వయొలిన్ వాయించే పిల్ల రాసిందని బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు.

నేను 1971లో టెలిగ్రాఫ్ ఆఫీసులో చేరానని నీకు తెలుసు కదా. అప్పట్లో దాన్ని తంతి ఆఫీసనేవారు. నీ వయొలిన్ మీదదీ తంతే, నా బల్ల మీదకొచ్చిందీ తంతే. తంతి మీదొచ్చే డాట్‌లనీ డాష్‌లనీ, అంటే పొట్టి పొడుగు సంకేతాల్ని, వినిపించే సౌండర్ టకటక కొట్టుకుంటూ ఉండేది, మేం వింటూ రాసుకుంటూ పోయేవాళ్ళం. చూడ్డానికక్కడ ఏమీ లేదు. అవతల కూర్చున్నది శ్రీకాకుళం ఆపరేటరో బొబ్బిలి ఆపరేటరో నాలుగు అక్షరాలు పడేసరికి తెలిసిపోయేది. ఒకాయన డాష్‌ని సాగదీసేవాడు, ఇంకొకాయన మాటకీ మాటకీ మధ్య దగ్గుకి సరిపడా ఖాళీ ఇచ్చేవాడు. ఆ రెండో ఆయన్ని నేను జన్మలో చూడలేదు. పోయాడని తెలిసినప్పుడు మాత్రం ఒక పూట అన్నం తినలేకపోయాను.

ఆ ఆఫీసులోనే ఇంకోటి నేర్చుకున్నాను. పండగలకీ పెళ్ళిళ్ళకీ శుభాకాంక్షలు పంపడానికి అచ్చు వాక్యాల పట్టిక ఉండేది, ఒక్కో వాక్యానికి ఒక నంబరు. జనం డబ్బు కలిసొస్తుందని నంబరు చెప్పేవాళ్ళు. మేం నంబరు కొట్టేవాళ్ళం, అవతలి ఆఫీసులో పట్టిక చూసి వాక్యం మొత్తం రాసిచ్చేవాళ్ళు. పెళ్ళికూతురి చేతికి 'మీ దాంపత్యం చిరకాలం వర్ధిల్లాలి' అని అందేది. పంపినవాడు ఆ మాట అననే లేదు, నంబరన్నాడు. నీ 'మంత్రముగ్ధురాలినయ్యాను' అలాంటి నంబరే తల్లీ. చదివేవాడు వాడి పట్టికలోంచి వాడి సరస్సుని తీసుకుంటాడు, నీ సరస్సు అక్కడే ఉండిపోతుంది. 2013 జూలైలో టెలిగ్రామ్‌ని ఎత్తేశారు గానీ ఈ నంబరు గ్రీటింగులు మాత్రం మన పత్రికల్లో నిక్షేపంగా ఉన్నాయి.

పత్రికలంటే గుర్తొచ్చింది. 1983లో అరకు వెళ్ళొచ్చి ఒక వ్యాసం రాశాను. కొత్తవలస–కిరండూల్ లైను మీద 58 సొరంగాలంటారు. కిటికీ పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నాను. బండి సొరంగంలో దూరగానే చక్రాల మోత మన మీదకే వచ్చి పడుతుంది, బయటపడగానే ఎవరో తలుపు తీసినట్టు లోయలోకి జారిపోతుంది. లోపల ఉన్నంతసేపూ పిల్లలు అరుస్తారు, వెలుగు రాగానే సిగ్గుపడి మానేస్తారు. ఇదంతా రాసి ఒక వారపత్రికకి పంపాను. మూడు నెలలకి వేశారు. చూద్దును కదా, సొరంగాల మోత మొత్తం పోయింది. దాని బదులు 'పచ్చని తివాచీ పరిచినట్టున్న లోయలు', 'గలగల పారే సెలయేళ్ళు'. నేను వెళ్ళింది మే నెలలో, సెలయేరన్నది కంటికి కనపడలేదు! కింద మాత్రం నా పేరే. మా ఆవిడ చదివి, 'ఇది మీరు రాసింది కాదే' అంది. ఎడిటరుగారికి ఉత్తరం రాస్తే, 'పాఠకులకి ప్రకృతి వర్ణన కావాలి, రైలు గోల కాదు' అని కార్డు ముక్క వచ్చింది. ఆయన ఇప్పుడు లేరు, పోయినవాళ్ళని అనకూడదు. అయినా తివాచీ అన్న మాట వింటే ఈనాటికీ నాకు కడుపులో తిప్పుతుంది. నీ మూడో పేజీలో ఉంది చూడు, అక్కడ పెన్సిలు కాగితాన్ని చింపేసింది, ఏమీ అనుకోకు.

అసలు ఆరో పేజీ గురించి చెప్పాలి. సాంక్ట్ గిల్గెన్‌లో 'మోజార్ట్ తల్లిగారి జన్మగృహం' ముందు నిలబడ్డావు. కిటికీల్లో ఎర్రపూలున్నాయని రాశావు. వీధిలో మోజార్ట్ వయొలిన్ వాయిస్తున్న బొమ్మతో ఫొటో దిగి పడవ రేవుకి వెళ్ళిపోయావు. ఆ ఇంట్లో ఉన్న మనిషి నీకు కనపడకుండా ఎలా పోయిందమ్మా?

ఆ తల్లి పుట్టింది 1720లో. తర్వాత 64 ఏళ్ళకి, 1784లో, ఆవిడ కూతురు, మోజార్ట్ అక్క నానర్ల్ అదే ఇంటికి కాపురానికి వచ్చింది. ఆ ఊళ్ళో ఆవిడ తాతగారు చేసిన ఉద్యోగమే ఆ పెళ్ళికొడుకుదీ. అతనికి అప్పటికే ఇద్దరు భార్యలు పోయారు, ఐదుగురు పిల్లలున్నారు. నానర్ల్ ఎవరు? పన్నెండేళ్ళ వయసులో తమ్ముడి పక్కన కూర్చుని పారిస్‌లో, లండన్‌లో ప్రభువుల ముందు వాయించిన పిల్ల. రాగాలు కట్టేదట, తమ్ముడు ఉత్తరంలో మెచ్చుకున్నాడు కూడా. వాటిలో ఒక్కటీ మనకి మిగల్లేదు. 33 ఏళ్ళకి ఆ సరస్సు ఒడ్డుకి వచ్చి 1801లో భర్త పోయేదాకా అక్కడే ఉంది. తొలి బిడ్డని సాల్జ్‌బర్గ్‌లో తన తండ్రి దగ్గర వదిలింది. ఆ తండ్రి లియోపోల్డ్ 1787లో పోయేదాకా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు, ఊళ్ళో కచేరీలు, నాటకాలు, మనవడి ముచ్చట్లు. నువ్వు బస్సులో గంట లోపు వచ్చిన దారే అది. ముసలితనంలో మళ్ళీ సాల్జ్‌బర్గ్‌లో పియానో చెప్పుకుని బతికింది, ఆఖరికి చూపు పోయింది, 1829లో వెళ్ళిపోయింది.

పదిహేడేళ్ళు ఆ ఇంట్లో సాయంత్రాలు ఏం వినపడి ఉంటుంది? గాలికి కిటికీ రెక్కలా, సవతి పిల్లల కొట్లాటా, తోడు వాయించేవాళ్ళు లేని పియానోనా? వయొలిన్ పట్టుకుని ఇల్లు వదిలివచ్చిన ఆడపిల్లవి, నువ్వు కాకపోతే ఇది ఇంకెవరు అడుగుతారు? నీకు పూల రంగు కావలసి వచ్చిందా!

కోప్పడ్డానని ఏడవకు. కళ్ళకి నేను శత్రువుని కాను. మీ కళాశాలలో 1919 నుంచి వయొలిన్ పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు ఆనక బడిచదువు సాగలేదని మా పెద్దవాళ్ళు కథలాగా చెప్పేవారు. ఆ కథ వింటూ పెరిగినవాణ్ణి, నా పక్షపాతం నాకుంటుంది. మీ కొండలకి అవతలే అట్టర్‌సీ అని ఇంకో సరస్సుంది. దాని ఒడ్డున స్టైన్‌బాఖ్‌లో మాలర్ అనే సంగీతకర్త ఒక చిన్న గది కట్టించుకుని వేసవుల్లో సింఫనీలు రాసుకున్నాడు. 1896లో ఆయన దగ్గరికి బ్రూనో వాల్టర్ అనే కుర్ర సంగీతజ్ఞుడు వచ్చి పడవ దిగి, ఎదుట నిలువుగా లేచిన కొండని తలెత్తి చూడబోతే, చూడక్కర్లేదు, దాన్నంతా నేను స్వరాల్లోకి ఎత్తేశాను అన్నాట్ట మాలర్. గర్వమే, ఎవరు కాదన్నారు. నాకు మాత్రం నచ్చింది.

2014లో మా అమ్మాయి దగ్గరికి మ్యూనిక్ వెళ్ళినప్పుడు మా అల్లుడు మీ సరస్సుల వైపే కారులో తిప్పాడు. మంచివాడు, మామగారికి చలి తగలకూడదని అద్దాలెత్తేసి, హీటరు వేసి, ఫోన్లో ఘంటసాల పాటలు పెట్టాడు. మూడు సరస్సులు చూశాను, ఒక్కటీ వినలేదు. వచ్చాక ఒక్క పేజీ కూడా రాయలేకపోయాను. నువ్వు బస్సులో వెళ్ళావు, పడవలో వెళ్ళావు, నీ మీద అసూయగా ఉంది.

ఇషల్ గురించి నాకు పేచీ లేదు. కేకు బాగానే వర్ణించావు, నాకున్న షుగరుకి అది చదవడమే ఎక్కువ. కాకపోతే సంగీతకర్త బ్రామ్స్ 1891లో ఆ ఊళ్ళోనే క్లారినెట్ క్వింటెట్, అంటే ఒక క్లారినెట్టూ వయొలిన్లతో కలిపి నాలుగు తంతివాద్యాలూ వాయించే కృతి, రాశాడన్నది నీలాంటి వయొలిన్ పిల్ల నోట రావాలి, చక్రవర్తి బంగళా టికెట్ ధర కాదు. హాల్‌స్టాట్ మొత్తం కొట్టేశాను. ఎనిమిది వందల మంది కూడా లేని ఊరు, జనం ఫొటోలకి ఎగబడుతుంటే రొద భరించలేక 2023లో ఆ అందాల దృశ్యానికి అడ్డంగా చెక్కల దడి కట్టారు. గోల లేచాక తీసేశారనుకో. ఆ దడి నాకు నీ వర్ణన కన్నా నచ్చింది.

ఇక తొమ్మిదో పేజీ. 'రేవు దగ్గర పడవ ఇంజను ఆపారు. ఆపాక కూడా దాని శ్రుతి చెవిలో ఉండిపోయింది, సుమారు ఒకటిన్నర. దాన్నే షడ్జమం చేసుకుని మోహన వర్ణం మనసులో పాడుకున్నాను. చరణం దగ్గర ఎక్కడో మా గురువుగారు ఉన్నట్టనిపించి ఆగిపోయాను.' ఇది రాసి, వెంటనే 'క్షమించాలి, దారి తప్పాను' అని మళ్ళీ నీలంలోకి దూకావు. క్షమించను. దారి తప్పింది అక్కడ కాదు, ముందు ఎనిమిది పేజీలూ దారి తప్పావు. 1873 నాటి పడవ, ఆవిరి పోయి డీజిలొచ్చిన పడవ, దాని గుడగుడ మీద విజయనగరం పిల్ల మోహన పాడుకోవడం ఇంతకు ముందు తెలుగులో ఎవరైనా రాశారా? నేను చదవలేదు.

సంగీతం మాటలు రాస్తే మామూలు పాఠకులకి అర్థమవుతాయా అని భయపడ్డావు. నాకు ఒకటిన్నర శ్రుతికీ రెండున్నరకీ తేడా తెలీదు. అయినా కాఫీ చల్లారింది కదా. ఆ పేజీతో మొదలుపెట్టు. పడవలోంచి సాంక్ట్ గిల్గెన్‌లోని ఆ ఇల్లు గుర్తుకు తెచ్చుకో, వెనక్కి వెళ్ళు. మిగతా ఊళ్ళు వద్దు. పదకొండు పేజీలు నాలుగవుతాయి, అవనీ. మాటకింత అని కట్టించుకుంటున్నారనుకుని రాయి.

కలం పేరు పెట్టుకోనా అని అడిగావు, ఏ పత్రికకి పంపాలో కూడా అడిగావు. ఎడిటర్ల సంగతి పైన చెప్పాను, మళ్ళీ మొదలుపెడితే ఈ ఉత్తరం రేపటి టపాకి అందదు.

ఒకటి మాత్రం మర్చిపోకుండా పంపు. ఇంజను ఆగగానే పక్కన కూర్చున్న ముసలావిడ నీతో ఏదో అంది, ఆ ఊరి యాస, నాకు అర్థం కాలేదు అని రాసి వదిలేశావు. అర్థం నాకూ అక్కర్లేదు. అది నీ చెవికి ఎలా వినపడిందో, ఎక్కడ సాగదీసిందో, ఎక్కడ ఆగిందో తెలుగు అక్షరాల్లో రాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు