దిగేటప్పుడే ఎందుకు ఏడుస్తుంది?

ప్రశ్న: మా పాపకి ఏడాది పది నెలలు. వచ్చే నెల నేనొక్కదాన్నే దాన్ని తీసుకుని నాలుగు గంటలు విమానంలో వెళ్లాలి. పోయినసారి ఎక్కినప్పటి నుంచీ హాయిగా ఆడుకుంది కానీ, చివరి అరగంట మాత్రం గుక్కపట్టి ఏడ్చింది. ‘పిల్లని ఊరుకోబెట్టడం చేతకానివాళ్లు ఎందుకొస్తారో’ అని వెనక సీటాయన అన్న మాట నాకింకా వినిపిస్తూనే ఉంది. జలుబు మందు కాస్త పడితే నిద్రపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. పట్టొచ్చా? టికెట్ మాత్రం ఒళ్లో కూర్చోబెట్టుకునేలా తీసుకున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మందు సంగతి ముందు తేల్చేద్దాం. పట్టకండమ్మా. నిద్ర కోసం వాడాల్సిన మందు కాదది. మోతాదు ఎక్కువైతే చిన్నపిల్లలకి ఊపిరి కూడా ఇబ్బంది కావచ్చు. పైగా కొందరికి నిద్ర రాకపోగా ఇంకా హుషారు పుడుతుంది. నేను పదహారేళ్లు క్యాబిన్ క్రూగా పనిచేశాను. ఒక రాత్రి ఫ్లైట్‌లో దీపాలన్నీ ఆర్పేశాక ఒక బాబు నడవాలో అటూ ఇటూ ఒకటే పరుగు. వాడి వెనక వాళ్ల నాన్నా నేనూ వంతులేసుకుని తిరిగాం. ‘నిద్రపోతాడనే మందు పట్టామండీ’ అని వాళ్లమ్మ నా చెవిలో చెప్పింది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఇక ఏడుపు. మొదట్లో ఆడుకుని చివరి అరగంట ఏడ్చిందన్నారు కదా, కారణం అందులోనే ఉంది. చెవులు. విమానం ఎత్తులో ఉన్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద కూర్చున్నట్టు లెక్క. దిగుతున్నకొద్దీ అది మళ్లీ పెరుగుతుంది. పైన ఉండగా ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసాకి గట్టిగా మూత బిగించి చూడండి, కిందికొచ్చేసరికి సొట్టలు పడి ఉంటుంది. కర్ణభేరి కూడా అలాగే లోపలికి నొక్కుకుపోతుంది. దాని వెనక నుంచి ముక్కు వెనక భాగానికి సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. విమానం పైకి లేస్తున్నప్పుడు గాలి అందులోంచి తేలిగ్గానే బయటికి పోతుంది. దిగుతున్నప్పుడు లోపలికి రావాలంటే గొట్టం తెరుచుకోవాలి, మింగినప్పుడో ఆవలించినప్పుడో తెరుచుకుంటుంది. పసిపిల్లల్లో అది మరీ ఇరుకు. మనమైతే కావాలని ఆవలిస్తాం, పాపకేం తెలుస్తుంది? నిజానికి ఏడ్చినా నోరు తెరుస్తుంది, గుటకలు వేస్తుంది, చెవులకి కాస్త మేలే. ఆ రోజు మీ పాప తన వైద్యం తనే చేసుకుంది. వెనక సీటాయనకి ఇదంతా తెలియదు పాపం.

కాబట్టి దిగుతున్నంతసేపూ పాప ఏదో ఒకటి మింగుతూ ఉండాలి. ఎప్పటి నుంచి అన్న దగ్గరే చాలామంది పొరబడతారు. నేల కనిపించాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. విమానం దిగడం సుమారు అరగంట ముందే మొదలవుతుంది. ఇంజిన్ హోరు తగ్గుతుంది, మీ చెవుల్లోనూ బిగువు తెలుస్తుంది. అప్పుడు తీయండి సీసా. గటగటా తాగించొద్దు. రెండు గుక్కలు, కాసేపాగి మళ్లీ రెండు. పైకి లేచేటప్పుడే పాలన్నీ పట్టేసి, దిగేవేళకి ఖాళీ సీసాతో బిక్కమొహం వేసిన అమ్మలని ఎంతమందిని చూశానో. పాలొద్దంటే నీళ్లివ్వండి, స్ట్రా కప్పు ఉంటే ఇంకా మంచిది.

అప్పుడే నిద్రపోయి ఉంటే? లేపండి. అంతసేపు సతాయించి ఎట్టకేలకు నిద్రపోయిన పిల్లని లేపడానికి చేతులు రావు, తెలుసు. కానీ నిద్రలో మింగడం తగ్గిపోతుంది. నొప్పితో లేచిన పిల్ల కంటే మీరు లేపిన పిల్ల నయం. బయల్దేరే ముందు గట్టి జలుబో చెవిపోటో ఉంటే మాత్రం డాక్టరుకి చూపించండి.

ఒక్కరే వెళ్తున్నారు కాబట్టి చేతులు ఖాళీగా ఉండేలా చూసుకోండి. భుజానికి తగిలించుకునే బ్యాగు ఒక్కటి చాలు. డైపర్ ఎక్కేముందే మార్చేయండి. విమానంలో మార్చాల్సి వస్తే, మడత పలక ఏ టాయిలెట్‌లో ఉందో సిబ్బందిని అడగండి, అన్నిట్లోనూ ఉండదు. బొమ్మలన్నీ ఒకేసారి బయటికి తీయొద్దు. నేను చూసినంతలో ఖరీదైన బొమ్మలకంటే స్టిక్కర్లే ఎక్కువసేపు ఆడించాయి. ట్రే మీద అంటించడం, గోటితో పీకడం, మళ్లీ అంటించడం. లేచేముందు మీరు అవన్నీ పీకేస్తే సరి! వేడి కాఫీ మాత్రం ఆ నాలుగు గంటలూ మానుకోండి. ఒళ్లో పిల్లని పెట్టుకుని కప్పు అందుకునేవాళ్లని చూస్తే నా గుండె గుభేలుమనేది.

ఇక టికెట్. రెండేళ్లు నిండేవరకు ఒళ్లో కూర్చోబెట్టుకోనిస్తారు. డబ్బుకి మరీ ఇబ్బంది లేకపోతే సీటు కొనమనే చెబుతాను. గాలి కుదుపు గట్టిగా వస్తే ఎంత ప్రేమగా పట్టుకున్న చేతులైనా జారతాయి. ఒళ్లోనే అయితే, మీ బెల్టుకి తగిలించే చిన్న బెల్టు చాలా దేశాల విమానాల్లో ఇస్తారు, అడిగి తీసుకోండి. మీ బెల్టునే ఇద్దరికీ కలిపి చుట్టొద్దు, కుదుపుకి మీ బరువంతా పాప మీద పడుతుంది. మీ వరసలో ఇంకో ఒళ్లో బిడ్డ ఉంటే మిమ్మల్ని వేరే చోటికి మారమంటారు, విసుక్కోకండి. మూడు సీట్లకి సాధారణంగా నాలుగు ఆక్సిజన్ మాస్కులే ఉంటాయి మరి. అవి కిందికి వేలాడితే ముందు మీరు పెట్టుకోండి, తర్వాత పాపకి.

ఇంకొకటి, తిరుగు టికెట్ తీసి తేదీ చూసుకోండి. ప్రయాణం నాటికి పాపకి ఏడాది పదకొండు నెలలు. వచ్చేలోపు పుట్టినరోజు దాటితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. ఈ సంగతి కౌంటర్ దగ్గర తెలిసి, అప్పటికప్పుడు ఖాళీ సీటు దొరక్క కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు.