కంటిలో మెలనోమా అంటే కన్ను తీసేయాల్సిందేనా?

నాన్నకు కంటి లోపల మెలనోమా, అంటే రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్ గడ్డ అన్నారు, కన్ను తీసేస్తేనే బతుకుతారా అని అడిగినారు కదా. తీసేయాల్సిందే అని ఏం లేదండి, గడ్డ సైజును బట్టి ఉంటుంది. మా చిన్నాయనకు తీయలేదు, ఇప్పటికీ ఆదోనిలో పత్తి వ్యాపారం చేసుకుంటున్నాడు.

ఆయనకు నొప్పి లేదు, ఎరుపు లేదు, ఒక కంట్లో ఓ పక్క నీడ అడ్డం వస్తాంది, అప్పుడప్పుడు మెరుపులు అనేవాడు అంతే. అద్దాల షాపులో కంప్యూటర్ టెస్ట్ చేసి కొత్త అద్దాలు అంటగట్టినారు, ఇంకోచోట పొర మొదలైంది ముదరనీ అన్నారు. నాకు మండేది ఇక్కడే. ఈ గడ్డ ఎక్కువగా రెటీనా (కంటి లోపలి తెర) వెనకుండే కోరాయిడ్ అనే రక్తనాళాల పొరలో వస్తుంది, చుక్కలు వేసి కనుపాప పెద్దది చేసి చూడకుండా బయట నుంచి టార్చ్ కొడితే ఏం కనపడుతుంది? నలభై దాటినోళ్ళు ఎవరైనా సరే, అద్దాల షాపుతో సరిపెట్టుకోకుండా ఒక్కసారైనా చుక్కలు వేయించుకుని చూపించుకోండి. చివరికి కర్నూలులో ఒక డాక్టరమ్మ అట్లే చూసి, బీ-స్కాన్ (కంటికి చేసే అల్ట్రాసౌండ్) తీసి, హైదరాబాద్ పొండి లేట్ చేయొద్దండి అనింది.

అక్కడ ప్లాక్ పెట్టినారు. రూపాయి బిళ్ళంత, కొంచెం వంపుగా ఉండే రేడియేషన్ బిళ్ళ, మత్తు ఇచ్చి గడ్డకు సరిగ్గా వెనక కంటి గోడకు కుట్టేస్తారు, కొన్ని రోజులు ఉంచి మళ్ళీ ఆపరేషన్ చేసి తీసేస్తారు. ఆ రోజుల్లో మనిషిని వేరే రూములో పెడతారు, చిన్నపిల్లల్ని, గర్భిణీలను దగ్గరికి రానీయరు. మా పిన్నమ్మ తలుపు దగ్గరే కూర్చుని బయటికొచ్చిన ప్రతి సిస్టర్‌నూ "గడ్డ తీసినారా, యాడ పెట్టినారు, నాకు చూపీండమ్మా" అని అడిగేది. తీయలేదమ్మా లోపలే ఉంటుంది, నెలల మీద మెల్లగా చిక్కుతుంది అని డాక్టర్ వచ్చి చెప్తే ఆమె ఏడుపు ఆపలేకపోయినాం. ఊర్లోనేమో గడ్డ తీయకుండానే ఇంటికి పంపినారంట, ఇంక చేతులెత్తేసినట్టే అని పుకారు. ఇంటికొచ్చి పలకరించే పేరుతో ఇట్లాంటివి మాట్లాడేవాళ్ళను గడప దాటనీయకండి.

కన్ను తీస్తేనే గ్యారంటీ అనేది కూడా తప్పే. అమెరికాలో కామ్స్ అని పెద్ద స్టడీ చేసినారు, మధ్యస్థం సైజు గడ్డలున్న 1,317 మందిలో కొందరికి కన్ను తీసి కొందరికి ప్లాక్ పెడితే, 12 ఏళ్ళ తర్వాత చూసినా బతికిన వాళ్ళ లెక్కలో తేడా లేదు. మరీ పెద్ద గడ్డైతే, లేదా చూపు పూర్తిగా పోయి నొప్పి ఉంటే కన్ను తీసేయమంటారు, అప్పుడు వాదించొద్దు, కృత్రిమ కన్ను బాగానే పెడతారు. ప్లాక్ పెట్టినా రేడియేషన్ వల్ల తర్వాత చూపు తగ్గొచ్చు, మా చిన్నాయనకు ఆ కంట్లో బాగా తగ్గింది.

కానీ అందరూ కన్ను కన్ను అంటారు, అసలు చూసుకోవాల్సింది లివర్. కంటి లోపల లింఫ్ నాళాలు (రక్తనాళాలు కాక ఒంట్లో నీరు పారే సన్న గొట్టాలు) ఉండవు, క్యాన్సర్ పాకితే రక్తం గుండానే పాకుతుంది, ఎక్కువగా ముందు లివర్‌కే, ఏళ్ళ తర్వాత కూడా. అందుకే కన్ను తీసినా తీయకపోయినా లివర్ స్కాన్లు ఏళ్ళ తరబడి చేయించాల్సిందే. మా వాళ్ళు "కంటికి జబ్బొస్తే కడుపుకు స్కాన్ ఏందబ్బా, డబ్బులు గుంజుతాండారు" అని మానిపించాలని చూసినారు, నేను పట్టుబట్టి తీసుకపోతున్నా. మీ నాన్నకు గడ్డ ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు, ప్లాక్ పెట్టే సైజేనా, లివర్ స్కాన్ ఎన్ని నెలలకోసారి, గడ్డకు జీన్ టెస్ట్ (పాకే ప్రమాదం ఎంతో అంచనా వేసే పరీక్ష) చేస్తారా అని ఈ నాలుగూ కాగితం మీద రాసుకొని పోయి అడగండి, జవాబులు అక్కడే రాయించుకోండి.