బ్లేడు గురించి ఉన్నమాట రాస్తే పరువునష్టమా?

ప్రశ్న: నాలుగు నెలల కిందట ఒక టేబుల్ టెన్నిస్ బ్లేడు (రబ్బరు అంటించని బ్యాటు చెక్క) కొన్నాను. ‘ఐదు పొరలూ చెక్కే, బరువు 85 గ్రాములు’ అని ప్రకటనలో ఉంది. తూచితే 94 వచ్చింది. మొదటిసారి రబ్బరు మార్చినప్పుడు పైపొర పీచులుగా లేచొచ్చింది. అంచున పొరల మధ్య నల్లటి గీత కనిపిస్తోంది. ఇవన్నీ తోటి ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటోలతో పెట్టి, ‘కార్బన్ పెట్టి చెక్క అని అమ్మే మోసగాళ్లు, ఇది పోటీల్లో చెల్లదు’ అని రాశాను. వారంలోగా క్షమాపణ చెప్పకపోతే పరువునష్టం కేసు, ఐటీ చట్టం 66ఎ కేసు పెడతామని లాయర్ నోటీసు వచ్చింది. బ్లేడు కోసి లోపల ఏముందో చూపించేయనా?

– ఒక పాఠకుడు

జవాబు: దయచేసి కోయకండి. మీ దగ్గరున్న గట్టి సాక్ష్యం ఆ బ్లేడే. పరీక్ష చేస్తే తప్ప లోపం తేలని వస్తువైతే వినియోగదారుల కమిషనే నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ ఇందుకే ఉంది. మీరే కోసేస్తే ఆ నల్లపొర ఎక్కడిదన్న వాదన మొదలవుతుంది. లేచిన పీచుల్ని గరుకు కాగితంతో రుద్దడం, జిగురు పెట్టడం కూడా వద్దు.

ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పెడితే శిక్షించే 66ఎ గురించి భయం అక్కర్లేదు. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. లేని సెక్షన్‌తో ఇప్పటికీ నోటీసులు రావడం నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే చదివినవాళ్లు నిజంగానే హడలిపోతారు.

పరువునష్టం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోలేం. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద కంపెనీకీ పరువు ఉంటుంది. అదే సెక్షన్‌లో మిమ్మల్ని కాపాడే మినహాయింపులూ ఉన్నాయి: ప్రజాహితం కోసం చెప్పిన నిజం, తన లేదా ఇతరుల ప్రయోజనం కాపాడుకోవడానికి సద్భావంతో అన్న మాట, ఎదుటివారి మేలు కోరి సద్భావంతో చేసిన హెచ్చరిక. అయితే చట్టం దృష్టిలో సద్భావం అంటే మంచి మనసు ఒక్కటే చాలదు, తగిన జాగ్రత్తతో విచారించుకుని మాట్లాడి ఉండాలి. మీ రాతను ఈ గీటురాయి మీద పెట్టి చూద్దాం.

94 గ్రాములు అన్నది మీ త్రాసు చెప్పిన మాట. పీచు లేవడం మీ కళ్లముందు జరిగింది. బంతి మొద్దుగా తగులుతోందనో, బ్లాక్ చేస్తే చేయి అదురుతోందనో రాసినా అది ఆడినవాడి అనుభవం. వీటికి క్షమాపణ చెప్పాల్సిన పని లేదు. ‘కార్బన్’ అన్నది మాత్రం ఊహ. రంగు వేసిన చెక్కపొర కూడా అంచున నల్లగానే కనిపిస్తుంది. ‘మోసగాళ్లు’ అన్నది ఆ ఊహ మీద ఇంకో ఊహ.

‘పోటీల్లో చెల్లదు’ అన్నది తప్పు. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య నియమం ప్రకారం బ్లేడు మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలి. జిగురు పొరలో కార్బన్ వంటి పీచు ఉండొచ్చు, కాకపోతే అది మొత్తం మందంలో 7.5 శాతాన్నీ 0.35 మిల్లీమీటర్లనూ, రెంటిలో ఏది తక్కువైతే దాన్ని, దాటకూడదు. ఆరు మిల్లీమీటర్ల బ్లేడుకు 7.5 శాతమంటే 0.45 కాబట్టి 0.35 పరిమితే వర్తిస్తుంది. అంటే కార్బన్ ఉన్నంత మాత్రాన బ్లేడు చెల్లకుండా పోదు. మీ అసలు ఫిర్యాదు అది కాదు కూడా. చెక్క అని చెప్పి వేరేది ఇచ్చారా అన్నదే.

కాబట్టి ఇప్పుడున్న సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, అదే గ్రూపులో సవరణ పెట్టండి: పోటీల నియమం గురించి పొరపాటుగా రాశాను, మోసగాళ్లన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, బరువు, పైపొర గురించి రాసింది నా అనుభవమే, నల్లగీత ఏమిటో అమ్మినవారే చెప్పాలి. నోటీసుకూ ఇదే జవాబు గడువులోగా స్పీడ్ పోస్టులో పంపండి. మౌనంగా ఊరుకోకండి.

ఇక మీ వైపు నుంచి దావా. చెక్క సహజ వస్తువు, ఒకే మోడల్‌లో రెండు బ్లేడ్లు కొన్ని గ్రాములు అటూ ఇటూ ఉండటం ఆడేవాళ్లందరికీ తెలుసు. ప్రకటనలో ‘సుమారు’ అనో, ఎన్ని గ్రాముల తేడా ఉండొచ్చనో ఉందేమో మళ్లీ చదవండి. అలాంటిదేమీ లేకపోతే తొమ్మిది గ్రాములు ఆడే చేతికి బాగా తెలిసే తేడా. వర్ణనకు తగ్గ వస్తువే ఇవ్వాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. పైపొర సంగతిలో మీ వాదన బలహీనం. వార్నిష్ పూయని బ్లేడు మీద రబ్బరును చెక్క గీతలకు అడ్డంగా లాగితే మంచి బ్లేడైనా పీచు లేస్తుంది, వాళ్లు ఆ మాటే అంటారు. బరువునూ నల్లగీతనూ ముందు పెట్టండి.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ప్రకటన పేజీ, బిల్లు, త్రాసు మీద బ్లేడు ఉన్న ఫొటో ఈ రోజే భద్రం చేసుకోండి. ప్రకటనలో ఆ ‘85’ రేపటికి మారిపోవచ్చు.