ఒకప్పుడు 404 ఉన్న షేరు ఇప్పుడు 20కే దొరుకుతోంది, లోన్ తీసుకుని కొనమంటారా?

ప్రశ్న: నా వయసు 36. సొంతూరు ఖమ్మం, హైదరాబాద్‌లో ప్రైవేట్ జాబ్. చేతికి 68 వేలు వస్తుంది, హోమ్ లోన్ ఈఎంఐ 24 వేలు, ఇంటి ఖర్చు 38 వేల దాకా అవుతుంది. ఏడాదికోసారి బోనస్ 90 వేలు. అకౌంట్‌లో 40 వేలు ఉన్నాయి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, టర్మ్ పాలసీ ఇంకా తీసుకోలేదు. యెస్ బ్యాంక్ షేరు పాత ధరలు డౌన్‌లోడ్ చేసి చూశా, 2018లో 404 ఉంది, ఇంకో చోట 2017లో 1,800 పైన కూడా కనపడింది. ఇప్పుడు 20 దగ్గర ఉంది, జపాన్ బ్యాంక్ కూడా వాటా కొంది. 200కి వెళ్ళినా పది రెట్లు కదా. మా ఆవిడ బంగారం మీద 3 లక్షలు, ప్రీ-అప్రూవ్డ్ పర్సనల్ లోన్ 2 లక్షలు తీసుకుని కొందామనుకుంటున్నా. ఇంకోటి, నాన్న దగ్గర 1000 ఆంధ్రా బ్యాంక్ షేర్లు ఉండేవి, వాటి పాత ధర ఎక్కడ చూడాలి?

జవాబు: ముందు ఆ లోన్ సంగతి. యాప్‌లో అప్లై బటన్ ఇంకా నొక్కలేదు కదా, నొక్కకండి. పాత ధర చూసి ఇప్పుడు చవకగా ఉంది అనుకోవడం, అనుకుని ఊరుకోకుండా అప్పు చేసి కొనడం ఈ మధ్య మరీ మామూలైపోయింది, అందుకే మీకొక్కరికే మెయిల్ పెట్టి ఊరుకోకుండా ఇక్కడ రాస్తున్నా.

మీకు కనపడిన 1,800, 404 రెండూ కరెక్టే, కానీ పక్కపక్కన పెట్టి పోల్చే అంకెలు కావు. 2017 సెప్టెంబర్‌లో యెస్ బ్యాంక్ షేరుని స్ప్లిట్ చేశారు, 10 రూపాయల ముఖ విలువ (కాగితం మీద రాసి ఉండే విలువ, మార్కెట్ ధర కాదు) షేరు ఒకటి 2 రూపాయల షేర్లు ఐదు అయింది. ఎక్స్‌ఛేంజ్ రోజువారీ ఫైల్‌లో ఆ రోజు నిజంగా ట్రేడ్ అయిన ధర ఉంటుంది కాబట్టి 1,800 కనపడింది, యాప్‌లో చార్ట్ మాత్రం స్ప్లిట్లూ బోనస్‌లూ (ఉన్న వాటాదారులకి ఉచితంగా ఇచ్చే షేర్లు) సర్దేసి చూపిస్తుంది కాబట్టి అదే రోజుకి 360 చిల్లర చూపిస్తుంది. రిలయన్స్ 2024 అక్టోబర్‌లో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చినప్పుడు కూడా 2,650 దగ్గరున్న షేరు మర్నాటికి సగం ధరలో కనపడేసరికి సగం రేటుకే వస్తోందని ఎగబడ్డ వాళ్ళున్నారు. అక్కడ ఎవరికీ ఒక్క రూపాయి లాభం లేదు, నష్టం లేదు.

స్ప్లిట్ సర్దేశారు సరే, అసలు తిరకాసు 404 దగ్గరుంది, దీన్ని ఏ చార్టూ సర్దదు. 2018 ఆగస్టులో ఆ ధర ఉన్నప్పుడు బ్యాంక్‌కి ఉన్న షేర్లు సుమారు 230 కోట్లు, అంటే మొత్తం బ్యాంక్ విలువ 93 వేల కోట్ల దగ్గర. 2020లో బ్యాంక్ మునిగిపోయే పరిస్థితి వచ్చాక కాపాడటానికి కొత్త షేర్లు గుట్టలుగా ఇచ్చారు, ఎస్‌బీఐ, తోటి బ్యాంకులు 10 రూపాయల లెక్కన 10 వేల కోట్లు పెట్టాయి, అదే ఏడాది జులైలో 12 రూపాయలకి ఎఫ్‌పీఓ (ఇప్పటికే మార్కెట్‌లో ఉన్న కంపెనీ జనానికి మళ్ళీ కొత్త షేర్లు అమ్మడం) వేసి ఇంకో 15 వేల కోట్లు తెచ్చారు, అదొక్కటే 1,250 కోట్ల షేర్లు. ఇప్పుడు మొత్తం 3,100 కోట్ల షేర్లు దాటాయి. నలుగురన్నదమ్ముల పొలానికి యాభై మందికి పైగా వాటాదారులు వచ్చాక పాత వాటా రేటు పట్టుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

మీ లెక్కే వేద్దాం. 20 రూపాయల దగ్గర బ్యాంక్ విలువ 62 వేల కోట్లు, అంటే 404 నుంచి 20కి వచ్చినా బ్యాంక్ విలువ పడింది మూడో వంతే, మీరనుకున్నట్టు 95 శాతం డిస్కౌంట్ కాదు. అదే షేరు 200 కావాలంటే బ్యాంక్ విలువ 6 లక్షల కోట్లు దాటాలి. 404 కావాలంటే 12 లక్షల కోట్లు పైనే, 2025లో ఐసీఐసీఐ బ్యాంక్ అంతటిదే 10 లక్షల కోట్ల అటూ ఇటూ ఉంది. పాత ధర చూసినప్పుడల్లా పక్కన ఆ రోజు షేర్ల సంఖ్య కూడా రాసుకోండి, వార్షిక నివేదికలో ఉంటుంది, రెండూ గుణిస్తే వచ్చేదే పోల్చదగ్గ అంకె.

ఇంకో సంగతి, చార్ట్‌లో 2020 మార్చి దగ్గర జూమ్ చేసి చూడండి. 5వ తేదీన మారటోరియం పెట్టి డిపాజిటర్లు 50 వేలకి మించి తీయకుండా చేశారు, మర్నాడు షేరు అయిదున్నర దాకా పడిపోయింది, 18వ తేదీకి 80 దాటింది. చూస్తే అబ్బా రెండు వారాల్లో అన్ని రెట్లా అనిపిస్తుంది, ఎవరికైనా నోరూరుతుంది. కానీ వందకి మించి షేర్లున్న పాత వాళ్ళకి అందులో 75 శాతం మూడేళ్ళు లాక్ వేశారు, అమ్మడానికి లేదు, అమ్మే వాళ్ళు లేకే ఆ ధర అలా ఎగిరింది. ఆ వేడిలో 60కో 70కో కొన్న వాళ్ళు నాలుగు నెలలు తిరక్కుండానే ఎఫ్‌పీఓలో 12కి ఇస్తుంటే చూస్తూ కూర్చున్నారు. ధర కనపడుతుంది గానీ ఆ ధరకి అమ్ముకోగలిగారా లేదా అన్నది చార్ట్‌లో కనపడదు.

మీరన్న జపాన్ బ్యాంక్ ఎస్‌ఎంబీసీ విషయానికొస్తే, వాళ్ళు 2025లో ఎస్‌బీఐతో పాటు ఇంకో ఏడు బ్యాంకుల దగ్గర 20 శాతం వాటా కొన్నది షేరు 21.50 లెక్కన. ఆ డబ్బు వెళ్ళింది అమ్మిన బ్యాంకులకి, యెస్ బ్యాంక్ ఖజానాలోకి కాదు. బ్యాంక్ బాగుపడొచ్చు, పడకపోవచ్చు, అది నేను చెప్పను, మీ సొంత డబ్బు పదివేలు పెట్టి ఉంటే ఈ ఉత్తరం ఇంత పెద్దది అయ్యేదే కాదు.

అయితే పాత ధరలు ఎందుకూ పనికిరావా అంటే ఒక పనికి బాగా వస్తాయి, ఎంత లోతుకి పడింది, మళ్ళీ లేవడానికి ఎన్నాళ్ళు పట్టింది అని చూసుకోవడానికి. ఒక్క కంపెనీ కూడా వద్దు, సెన్సెక్స్‌నే చూడండి, 2008 జనవరి 8న 20,873 దగ్గర ముగిసింది, 2009 మార్చి 9 నాటికి 8,160, మళ్ళీ పాత స్థాయి దాటింది 2010 నవంబర్‌లో. ముప్పై పెద్ద కంపెనీల సూచీకే దాదాపు మూడేళ్ళు పట్టింది, మీ ఒక్క షేరుకి ఎంత పడుతుందో అన్నాళ్ళూ ఈఎంఐలు ఎవరు కడతారు?

కట్టే లెక్క కూడా చూద్దాం. ఇప్పుడు జీతంలో ఈఎంఐ, ఇంటి ఖర్చు పోగా మీకు మిగిలేది 6 వేలు. పర్సనల్ లోన్ 2 లక్షలు 14 శాతం మీద మూడేళ్ళకి అంటే నెలకి 6,800. బంగారం మీద 3 లక్షలకి 10 శాతం అనుకున్నా వడ్డీయే నెలకి 2,500, అసలు అలాగే ఉంటుంది. కలిపి 9,300. అంటే మొదటి నెల నుంచే 3,300 తక్కువ. దాన్ని ఎక్కడి నుంచి తెస్తారు, క్రెడిట్ కార్డా? లేకపోతే షేరు 22 అయినా 17 అయినా నెలనెలా కొంచెం కొంచెం అమ్మి కట్టాలి, అప్పుడు పది రెట్లు దాకా ఎదురుచూసేది ఎవరు? జీతం ఒక్క నెల లేటయితే సీన్ ఏంటో ఆలోచించారా అసలు? ప్రీ-అప్రూవ్డ్ అంటే బ్యాంక్ మీకు అప్పు అమ్ముకోవడానికి రెడీగా ఉందని తప్ప మీరు కట్టగలరని ఎవరూ లెక్కేసి చెప్పింది కాదండీ.

నాకు అన్నిటికంటే కంగారు పుట్టించింది ఆ 40 వేలు. మీ ఇంట్లో నెలకి ఖర్చు, ఈఎంఐ కలిపి 62 వేలు పోతుంది, అంటే మీ దగ్గరున్నది ఇరవై రోజులకి కూడా చాలదు. ఆరు నెలలకి 3 లక్షల 72 వేలు ఉండాలి. నిజం చెప్పాలంటే ఇవాళ మీ ఎమర్జెన్సీ ఫండ్ మీ ఆవిడ బంగారమే, ఉద్యోగం పోయినా ఎవరికైనా ఆపరేషన్ అన్నా అర్ధగంటలో డబ్బు చేతికొచ్చేది దాని మీదే, మీరు దాన్ని తీసుకెళ్ళి ఒక షేరు కోసం తాకట్టు పెడతానంటున్నారు. ఆవిడని అడిగారా? అడిగినట్టు మీ మెయిల్‌లో ఎక్కడా లేదు.

మిగిలే 6 వేలు, వచ్చే బోనస్ 90 వేలు కలిపితే ఏడాదికి 1 లక్షా 62 వేలు. ఏమీ చేయకుండా దీన్ని పక్కన పెడితే ఏడాది తిరిగేలోపు మూడు నెలల ఖర్చు, రెండేళ్ళు దాటగానే ఆరు నెలలది చేతిలో ఉంటుంది. సగం స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైనప్పుడు సేవింగ్స్ అకౌంట్‌లోకి తనంతట తానే వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (తక్కువ రిస్క్‌తో త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) పెట్టండి, జీతం పడే అకౌంట్‌లో మాత్రం కాదు, అక్కడుంటే కనపడకుండానే ఖర్చయిపోతుంది. ఈ మధ్యలో స్నేహితుడు చెప్పాడని, గ్రూప్‌లో టిప్ వచ్చిందని అందులోంచి తీయొద్దు. దీంతోపాటే కోటి రూపాయల టర్మ్ పాలసీ ఈ నెలలోనే మొదలెట్టండి, హోమ్ లోన్ ఉండి ఇల్లంతా ఒక్క జీతం మీద నడుస్తుంటే అది లేకుండా ఎలా నిద్ర పడుతోందో నాకైతే తెలీదు. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి సొంతంగా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) ఒకటి తీసుకోండి. వీటి ప్రీమియంల వల్ల ఫండ్ ఇంకో మూణ్ణాలుగు నెలలు లేటయితే అవ్వనీ. షేర్ల మీద మోజుంటే ఫండ్ నిండాక ఇండెక్స్ ఫండ్‌లో (సెన్సెక్స్ లాంటి సూచీలోని కంపెనీలన్నిట్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) నెలనెలా కొంత కట్టే సిప్ వేసుకోండి.

ఇక నాన్నగారి షేర్లు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది, కాబట్టి దాని ధరల చరిత్ర అంతకు ముందే ఆగిపోతుంది, ఎక్స్‌ఛేంజ్ వెబ్‌సైట్లలో పాత ఫైళ్ళలో దొరుకుతుంది. 1000 షేర్లకి 325 యూనియన్ బ్యాంక్ షేర్లు ఇచ్చారు, అంటే యూనియన్ బ్యాంక్ 150 ఉందనుకుంటే పాత ఆంధ్రా బ్యాంక్ షేరు ఒక్కోటి 48 రూపాయల 75 పైసలు కింద లెక్క, నేరుగా 150ని పాత ధరతో పోల్చకూడదు. ఈ షేర్లు 2018 జనవరి 31కి ముందు కొన్నవే అయితే అమ్మేటప్పుడు ట్యాక్స్ లెక్కలో ఆ రోజు గరిష్ఠ ధర అవసరం పడొచ్చు, ఆ రోజు ధర ప్రింట్ తీసి, విలీనం కాగితంతో కలిపి ఆడిటర్‌కి ఇవ్వండి. షేర్లు ఇంకా కాగితాల రూపంలోనే ఉంటే ముందు డీమ్యాట్ చేయించాలి, డీమ్యాట్‌లోనే ఉంటే నామినీ పేరు ఎక్కించారో లేదో ఈసారి ఖమ్మం వెళ్ళినప్పుడు చూసి రండి.